కొండగాలి వైద్యం

మా అక్కయ్యకు ఉబ్బసం. నా చిన్నతనపు రాత్రులు తలచుకొంటే ముందుగా చెవికి వినిపించేవి ఆమె పిల్లికూతలే. మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి, భుజాలెగరేస్తూ, తెల్లవారేదాకా ఊపిరితో పెనుగులాడేది. మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లె. ఇంటి వెనుక పంటకాలువ, ముందు వరిచేలు. వానాకాలంలో గోడలు మోకాలెత్తున చెమ్మగిల్లేవి. అమ్మ ఉమ్మెత్తాకు ఎండబెట్టి నిప్పుల మీద వేసి పొగ పట్టించేది. కొంచెం నిమ్మళించేది, మళ్ళీ మామూలే.

1966లో పట్నపు వైద్యులొకరు మా నాన్నగారితో, "కొండగాలి తగిలితే తగ్గిపోతుందండీ, ఆరు నెలలు ఊటీలో ఉంచండి" అన్నారట. నాన్నగారు ఎకరం మాగాణి అమ్మారు. ఏప్రిల్ నెలలో అక్కయ్యను, తోడుగా మేనత్తను వెంటబెట్టుకొని మదరాసు మీదుగా మెట్టుపాళయం చేరి, పళ్ళచక్రాల రైలెక్కి ఊటీ వెళ్ళి, ఒక అద్దె ఇంట్లో దింపి వచ్చారు. మొదటి అయిదు వారాలూ అక్కయ్య వ్రాసిన ఉత్తరాలు పండుగలా ఉండేవి. పడుకొని నిద్రపోతున్నానని ఒక ఉత్తరంలో వ్రాసింది. మామూలు మనుష్యులకు అది వ్రాయవలసిన విషయమే కాదు. మా అమ్మ ఆ కార్డును దేవుడి గూట్లో పెట్టింది. జూన్‌లో వానలు పట్టుకొన్నాయి. జబ్బు తిరగబెట్టింది. జూలై నడిమికి నాన్నగారు వెళ్ళి తీసుకొనివచ్చారు.

ఆరు నెలలు ఉంచమంటే మూడు నెలలకే తెచ్చేశాననీ, ఇంకొక ఎకరం అమ్మి ఉంటే పిల్ల బాగుపడేదనీ ఆయన పోయేదాకా కుమిలిపోయారు. ఆ కుములుబాటుకు అర్థముందా లేదా అన్న ప్రశ్న నన్ను చాలాకాలం వదలలేదు. నేను తెలుగు పండితుణ్ణి, వైద్యుణ్ణి కాను. పదవీ విరమణ చేశాక తీరిక దొరికింది కనుక, ఈ కొండగాలి కథ ఎక్కడ పుట్టిందో వెతుక్కొంటూ పోయాను. దొరికినది మీతో పంచుకొంటున్నాను.

మనవాళ్ళతోనే మొదలుపెడతాను. చరకసంహిత చికిత్సాస్థానంలో హిక్కాశ్వాసల అధ్యాయం ఒకటి ఉన్నది. శ్వాసరోగాలు అయిదని చెప్పి, అందులో తమకశ్వాసను వర్ణించిన తీరు చూస్తే ఆ ఋషి మా అక్కయ్య మంచం పక్కన కూర్చుని వ్రాశాడా అనిపిస్తుంది. పడుకొంటే ఊపిరాడదు, కూర్చుంటే సుఖం, వెచ్చదనం కోరుతుంది. మబ్బు, వాన, చలి, తూర్పుగాలి తగిలితే పెరుగుతుంది. చలిని, తేమను ఒకే పట్టికలో చేర్చి రెండూ పనికిరావన్నాడు. చల్లని కొండ మీదికి పంపమని ఆయన ఎక్కడా అనలేదు. ఈ సంగతి మనస్సులో ఉంచుకోండి.

ఉమ్మెత్త పొగ మాట వచ్చింది కనుక ఒక ముచ్చట. ఈ పొగవైద్యాన్ని 1802లో మదరాసు నుంచి జనరల్ జెంట్ అనే సైనికాధికారి బ్రిటనుకు తీసుకొనిపోయాడు. అక్కడినుంచి అది యూరోపంతా పాకి, వంద సంవత్సరాలకు పైగా "ఆస్తమా సిగరెట్లు"గా అమ్ముడుపోయింది. మా అమ్మకు ఈ సంగతి తెలిస్తే ఎంత మురిసిపోయేదో.

ఇక పడమటి దేశాల కథ. 1552లో ఇటలీ వైద్యుడు జెరోలమో కార్డానో, గణితశాస్త్రంలో కూడ పేరున్నవాడు, స్కాట్లండు దాకా ప్రయాణం చేసి ఎడింబరోలో జాన్ హామిల్టన్ అనే ఆర్చిబిషప్పు ఉబ్బసానికి చికిత్స చేశాడు. ఆహారం మార్చాడు, నిద్రవేళలు మార్చాడు. వాటితో పాటు పక్షి ఈకల పరుపు తీసివేయించి పట్టుతో కూరిన పరుపు వేయించాడు. ఆర్చిబిషప్పుకు నెమ్మదించింది. కార్డానోకు కారణం తెలియదు, ఆ కాలంలో ఎవరికీ తెలిసే వీలూ లేదు. కాని రోగి తల కింద ఏమున్నదని అడగడం ఒకటి తోచింది చూడండి, అది నాకు గొప్పగా కనిపిస్తుంది. ఆ తరువాత మూడు వందల యేళ్ళు వైద్యులు పరుపు సంగతి పెద్దగా పట్టించుకోక గాలివైపు చూశారు.

గాలివైపు చూసినవాళ్ళలో నిజాయితీపరుడు హెన్రీ హైడ్ సాల్టర్. ఆయన స్వయంగా ఉబ్బసరోగి. 1860లో ఉబ్బసం మీద పెద్ద గ్రంథమే వెలువరించాడు. లండను నగరపు బొగ్గుపొగలో హాయిగా ఉండే రోగులు, స్వచ్ఛమైన పల్లెకు పోగానే ఆయాసపడడం ఆయన గమనించాడు. ఒకడికి పడిన ఊరు మరొకడికి పడదు. ఒకే ఊళ్ళో ఒక ఇల్లు పడి పక్క ఇల్లు పడకపోవచ్చు. దీనికొక సూత్రం దొరకలేదని ఆయన దాచిపెట్టలేదు. గాలి మంచిదైతే చాలు ఉబ్బసం తగ్గుతుందనే నమ్మకానికి ఇంతకంటె పెద్ద అభ్యంతరం ఉండదు. అయినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ కాలంలోనే స్విట్జర్లాండులో ఒక కొండ ఊరికి పేరు రావడం మొదలయింది.

ఆ ఊరు దావోస్. సముద్రమట్టానికి సుమారు 1560 మీటర్ల ఎత్తు. ఇప్పుడు ఏటేటా ప్రపంచపు ధనవంతులూ ప్రభుత్వాధినేతలూ సమావేశమయ్యే చోటుగా మనకు తెలుసు. ఆనాడు అది ఆవులూ మంచూ తప్ప మరేమీ లేని బీదలోయ. జర్మనీలో 1848-49 విప్లవంలో పాల్గొని పారిపోయి వచ్చిన అలెగ్జాండర్ స్పెంగ్లర్, జూరిచ్‌లో వైద్యం చదువుకొని, 1853లో ఆ లోయకు వైద్యుడిగా వచ్చాడు. ఇక్కడివాళ్ళకు క్షయ ఎందుకు రాదు అన్నది ఆయన ప్రశ్న. 1865 ఫిబ్రవరిలో ఇద్దరు క్షయరోగులు, వైద్యలోకం నివ్వెరపోయేలా, నడిచలికాలంలో పైకి వచ్చారు. ఇద్దరూ కోలుకొన్నారు. అంతే, దావోస్ దశ తిరిగింది. పాలు, ద్రాక్షసారా, చన్నీళ్ళ ధారలు, ఒంటికి మార్మట్ అనే కొండజంతువు కొవ్వుతో మర్దన: ఇదీ స్పెంగ్లర్ చికిత్స. భార్య జబ్బు కోసం అక్కడికి వచ్చిన హోల్స్‌బోర్ అనే డచ్చి ఆయనకు భార్య దక్కలేదు కాని, ఊరు విడిచి వెళ్ళలేక, స్పెంగ్లర్‌తో కలిసి చికిత్సాలయం కట్టించాడు. 1890లో రైలు కూడ తెప్పించాడు. స్టీవెన్‌సన్ తన 'ట్రెజర్ ఐలాండ్' నవలను పూర్తిచేసింది అక్కడే. థామస్ మాన్ 'మాజిక్ మౌంటెన్' (1924) పుట్టుకకు మూలం, 1912లో ఆయన భార్య అక్కడి శానిటోరియంలో ఉండడమే.

ఇదంతా క్షయ కథ, ఉబ్బసం కథ కాదు. కాని కొండగాలి మీద లోకానికి గురి కుదిరింది ఇక్కడే. కొండ మీద శానిటోరియం అనే ఊహ మన దేశానికీ వచ్చింది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915 నాటికి వెలసిన క్షయ ఆసుపత్రి మన తెలుగువారందరికీ తెలిసినదే. అయితే 1940లలో స్ట్రెప్టోమైసిన్, ఆపైన ఇతర మందులూ వచ్చాక గాలి గొప్పతనం కొంత బయటపడింది. 1956లో మదరాసులో ఒక పరీక్ష మొదలుపెట్టారు. ఒకే మందులిచ్చి సగంమంది క్షయరోగులను శానిటోరియంలో, సగంమందిని ఇరుకైన బీద ఇళ్ళల్లోనే ఉంచారు. ఫలితం ఇంచుమించు సమానం. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి లేకపోయినా మందు మందే అని 1959లో లోకానికి తెలిసింది.

క్షయరోగులు దిగిపోతుంటే దావోస్ భవనాలు ఖాళీ అయ్యాయి. వాటిలో కొన్ని హోటళ్ళయ్యాయి, కొన్నింటిలోకి ఉబ్బసరోగులు వచ్చారు. 1897లో క్షయకోసం మొదలైన డచ్చివారి శానిటోరియం చివరికి డచ్చి ఆస్తమా కేంద్రమయింది. క్షయ విషయంలో ఓడిన కొండగాలి ఉబ్బసం విషయంలో మాత్రం నిజంగానే పనిచేసింది. పైకి వచ్చిన పిల్లలు వారాలలో తేరుకొనేవారు. ఇది నమ్మకం కాదు, తరువాత కొలిచి చూసిన సత్యం. మరి ఎందుకు?

ఆ జవాబు కొండల్లో దొరకలేదు. సముద్రమట్టం కంటె దిగువ నేల ఎక్కువగా ఉన్న హాలండులో దొరికింది. అదీ సహజమే. చెమ్మ ఇళ్ళ బాధ మా డెల్టావాళ్ళకెంత తెలుసో వాళ్ళకంత తెలుసు. లైడెన్ నగరంలో స్టార్మ్ వాన్ లీవెన్ అనే ఆచార్యుడు 1920లలోనే దోషం ఇంటి గాలిలో ఉన్నదని పట్టాడు. మూసివున్న ప్రత్యేకమైన గది కట్టించి, ఎత్తునుంచి గొట్టంతో గాలి తెప్పించి, అందులో రోగులను పడుకోబెడితే, కొండ ఎక్కకుండానే చాలామందికి తగ్గింది. అంటే కొండ చేసే పని గదీ చేస్తున్నది. గాలిలో ఉన్నది ఏమిటో మాత్రం ఆయన తేల్చలేకపోయాడు. 1933లో చనిపోయాడు.

అదే లైడెన్‌లో 1964లో వూర్‌హోర్స్ట్ అనే వైద్యుడు, స్పీక్స్మా అనే జీవశాస్త్రజ్ఞుడు, వారి తోటివారు కలిసి దొంగను పట్టుకొన్నారు. ఇంటి దుమ్ములో ఉండే ఒక పురుగు. మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది, కంటికి ఆనదు. సాలీడు చుట్టమే. మన ఒంటినుంచి రాలే చర్మపు పొలుసులు దాని ఆహారం, పరుపూ దిండూ దాని ఊరు. 1897లోనే దానికి శాస్త్రీయమైన పేరు పెట్టి వదిలేశారు: డెర్మటోఫాగాయిడిస్ టెరోనిస్సినస్. మొదటి మాటకు చర్మం తినేదని అర్థం, రెండోదాంట్లో ఈక అనే మాట ఉన్నది. కార్డానో తీయించిన ఈకల పరుపు గుర్తుకు వచ్చి నేను చప్పట్లు కొట్టబోయాను. అంతలో, ఈకల దిండుల కంటె కృత్రిమ దూది దిండులలోనే ఈ పురుగు మడ్డి ఎక్కువ చేరుతుందని 1990లలో జరిగిన పరిశీలనలు చదివి చేతులు దించుకొన్నాను. ఈకలు బయటికి రాకుండా ఆ దిండు గుడ్డను బిగువుగా నేస్తారు, అది లోపలికి పురుగునూ రానీయదు. చరిత్ర మనం కోరినంత పొందికగా ఉండదు.

పురుగు కరవదు. దాని మలమే శత్రువు. 1981లో టోవీ, చాప్‌మన్, ప్లాట్స్‌మిల్స్ అనే ముగ్గురు ఈ సంగతి నిరూపించారు. ఆ మలపు రేణువు పుప్పొడి రేణువంత ఉంటుంది. పక్క దులిపినప్పుడు లేచి ముక్కులోకి పోతుంది. పడనివాళ్ళకు ఊపిరిగొట్టాలు వాచి బిగుసుకొంటాయి.

ఇప్పుడు కొండ రహస్యం విప్పవచ్చు. ఈ పురుగు నీళ్ళు తాగదు. గాలిలోని తేమను ఒంటితో పీల్చుకొని బ్రతుకుతుంది. గాలిలో తేమ సగానికి తగ్గి అలాగే వారాలుంటే ఎండి చనిపోతుంది. దావోస్‌లో చలికాలంలో బయట సున్నాకు పది డిగ్రీలు దిగువన ఉన్నదనుకోండి. అంత చల్లటి గాలి ఘనమీటరుకు రెండున్నర గ్రాముల నీటిని కూడ మోయలేదు. అదే గాలిని ఇంట్లోకి తెచ్చి పొయ్యితో ఇరవై డిగ్రీలకు వేడిచేస్తే, అది పదిహేడు గ్రాములు మోయగలిగిన గాలి అవుతుంది. ఉన్నవేమో రెండున్నర. అంటే తేమ నూటికి పదిహేను పాళ్ళయినా లేదు. పురుగుకు అది ఎడారి. 1971లో స్పీక్స్మా, ఆయన సహచరులు ఎత్తైన ఊళ్ళ ఇళ్ళలో దుమ్ము సేకరించి చూస్తే పురుగులు బహు స్వల్పం. కనుక మందు కొండ ఎత్తులో లేదు, పైన్ చెట్ల పరిమళంలో లేదు. చలిలో ఎండిన గాలినీ, వేడిచేసిన గదినీ కలిపితే వచ్చే పొడితనంలో ఉన్నది. పుప్పొడి కాలం పొట్టిగా ఉండడం కూడ తోడవుతుంది. అంతకుమించి కొండకు మహిమలేదని నా అభిప్రాయం. ఒప్పుకోని వైద్యులు ఇప్పటికీ ఉన్నారు. పురుగు పడనివారికే కాక మిగిలిన ఉబ్బసరోగులకూ అక్కడ గుణమిస్తుందని వారి వాదం.

ఈ లెక్క సరైనదని రెండు వైపులా పరీక్షకు నిలిచింది. 1982లో లండనులో, కొండల ఊసే లేకుండా, పురుగు పడని తొమ్మిదిమంది ఉబ్బసరోగులను ఆసుపత్రి గదుల్లో రెండు నెలలకు పైగా ఉంచారు. నున్నటి నేల, తివాచీలు లేవు, దుమ్ము లేదు. వాళ్ళకు దావోస్‌లో జరిగినట్టే తగ్గింది. మరోవైపు ఇటలీలో మిసురీనా సరస్సు ఒడ్డున, 1756 మీటర్ల ఎత్తున, ఉబ్బసం పిల్లల కోసం ఒక సంస్థ దశాబ్దాలు నడిచింది. పిల్లలు అక్కడ నెలలపాటు చక్కగా ఉండేవారు. మైదానంలోని తమ పరుపుల మీదికి తిరిగివచ్చిన కొన్ని నెలలకే ఊపిరిగొట్టాల దురుసు మళ్ళీ మొదటికి వచ్చేది. కొండ నయం చేయలేదు, కొంతకాలం శత్రువుకు దూరంగా దాచింది. చే గువేరా సంగతి ఇలాంటిదే. రెండో యేట పట్టుకొన్న ఉబ్బసం కోసం తల్లిదండ్రులు అతణ్ణి 1932లో అర్జెంటీనాలో కార్దోబా కొండల్లోని ఆల్తా గ్రాసియాకు తీసుకొనిపోయారు. బాల్యమంతా అక్కడే గడిచింది. అయినా 1967లో బొలీవియా అడవిలో, చివరి నెలల్లో, మందు దొరకక ఉబ్బసంతో అల్లాడినట్లు తన దినచర్యలో వ్రాసుకొన్నాడు.

ఇక్కడే అసలు మాట. చలిదేశంలో నిజమైనది వేడిదేశపు కొండలకు వర్తించదు. దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖ దగ్గర బొగోటా 2600 మీటర్ల ఎత్తున, కీటో 2800 మీటర్ల ఎత్తున ఉన్నాయి. దావోస్ కంటె ఎంతో పైన. కాని అక్కడ చలి గడ్డకట్టేంత కాదు, గాలిలో తేమ ఏడాది పొడుగునా ఉంటుంది. ఆ ఊళ్ళ పరుపులను పరిశీలించిన వాళ్ళకు పురుగులు సమృద్ధిగా దొరికాయి. ఊటీ 2240 మీటర్లు. జూన్ నుంచి నైరుతి ఋతుపవనం, ఆపైన ఈశాన్యం. మబ్బు ఇంట్లోకే వస్తుంది. మన కొండ ఇళ్ళలో గదిని వేడిచేసే అలవాటూ లేదు. పటంలో చూసి ఎత్తు కొలిచి పంపిన వైద్యుడు గాలిలోని నీటిని కొలవలేదు. ఆయన ఒక్కడి తప్పని అనలేను. పురుగు పేరు లైడెన్‌లో అచ్చయి అప్పటికి రెండేళ్ళే అయింది, మన పట్నాల దాకా రావడానికి ఇంకా ఎన్నేళ్ళో పట్టింది. చరకుడు మాత్రం మబ్బునూ వాననూ చలినీ ఒక్కచోట వ్రాసిపెట్టాడు. మేమెవ్వరం ఆ పుట తెరవలేదు.

మరి పురుగును ఇంట్లోనే జయించవచ్చుగదా, పరుపుకు తొడుగులు వేస్తే చాలదా అంటారేమో. నాకూ అలాగే తోచింది. 2008లో డెన్మార్కు పరిశోధకులిద్దరు అటువంటి 54 పరీక్షలను, సుమారు 3000 మంది రోగులను కలిపి చూసి, తొడుగులూ మందుచల్లుళ్ళూ గుణమిచ్చినట్టు కనబడలేదని తేల్చారు. ఇంట్లో పురుగు తగ్గుతుంది కాని, దావోస్‌లో తగ్గినంతగా తగ్గదు. అందుకే ఉబ్బసాన్ని నిజంగా లొంగదీసింది కొండా కాదు, తొడుగూ కాదు. 1969లో వచ్చిన సాల్బ్యుటమాల్, 1972లో వచ్చిన పీల్చే స్టెరాయిడు. ఇది చదివి ఎవరూ పీల్చే మందు మానేసి కొండలెక్కకండి, అలాగని పరుపు ఎండ వేయడమూ మానకండి.

మా అక్కయ్యకు ఆ పీల్చేమందు నలభయ్యోపడిలో అందింది. ఇప్పుడు డెబ్బయ్‌అయిదు దాటి, అనంతపురంలో కూతురి దగ్గర ఉంటున్నది. ఎండిన ఊరు, ఆమెకు పడింది. ఇదంతా మొన్న ఫోనులో చెప్పాను. నాన్నగారు ఇంకొక ఎకరం అమ్మినా లాభముండేది కాదక్కయ్యా, ఆ వానల్లో ఆరు నెలలున్నా అంతే, అన్నాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత నవ్వి ఇలా అంది.

"ఊటీలో ఆ అద్దింటి పరుపు నాకింకా గుర్తేరా. పిండితే నీళ్ళు కారేలా ఉండేది. ఎండ వచ్చిన రోజున అత్తయ్యా నేనూ దాన్ని వరండా పిట్టగోడ మీద వేసేవాళ్ళం. జూన్ వచ్చాక మళ్ళీ ఎండ మొహం చూడలేదు. నాన్నగారు నన్ను తీసుకుపోవడానికి వచ్చిన రోజు ఆ పరుపు మీదే కూర్చుని, ఎంత చల్లగా ఉందే అమ్మా, అన్నారు."